కండక్టరమ్మ సీటు

ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది కారుది. మనుషులు నలుగురూ మిగతా రెండు గదుల్లో సర్దుకుని పడుకుంటుంటే, అది మాత్రం వీధి వైపున్న షెడ్డులో, నెత్తిన రేకు, కింద గచ్చు, పక్కన ఒక కిటికీ పెట్టుకుని, కాళ్లు బారజాపుకుని పడుకునేది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు బయటికెళ్లి వచ్చేది. మిగతా రోజంతా నిద్రే. పని చెయ్యకుండా కూర్చునే మనిషిని ఒక్క పూట భరించని ఇల్లాలు ఈ ఇనప చుట్టాన్ని ఇన్నేళ్లు ఎలా భరించిందో ఆమెకే తెలియాలి. ఇక మీదట భరించనంది.

ఆమెను వీధిలో అందరూ సీట్లమ్మ అంటారు. సోఫాలకీ కుర్చీలకీ వ్యాన్లకీ సీట్లు కుట్టడం ఆమె పని. బజారులో ఒక షాపులో, పరాయి మిషను మీద, పరాయి మాట కింద కుడుతుంది. సొంత మిషను లేక కాదు. తోలును కూడా కాగితంలా పొడిచి పారేసే పాత మిషను ఒకటి ఇంట్లోనే ఉంది. కాని అది మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది. దాని ముందు సోఫా కాదు, పీట కూడా పట్టదు. షెడ్డు చేతికొస్తే సొంతంగా పని పెట్టుకోవచ్చు. రాకపోతే షాపు యజమాని దారం ఎక్కువ తగలేస్తున్నావని సణుగుతుంటే జన్మంతా వింటూ కూర్చోవాలి. ఆ షెడ్డులో కారూ సీట్లమ్మా ఇద్దరూ ఉండటానికి చోటు లేదు. ఎవరో ఒకరు లేవాలి.

అందుకని ఆమె కారుకున్న పనులు ఒక్కొక్కటే ఊడబెరకడం మొదలుపెట్టింది. మొదట కూతురి బడి. ఆ పిల్లను ఇంట్లో గంట అని పిలుస్తారు. సైకిలెక్కింది మొదలు దిగేదాకా గంట కొడుతూనే ఉంటుంది. బడి గేటు ముందు కార్లన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని హారన్లు కొట్టుకుంటుంటే, గంట తన సైకిలు మీద వాటి పక్కనుంచి జారుకుని ముందే లోపలికి పోయేది. తరవాత బజారు. సీట్లమ్మ ఒక మూడు చక్రాల సైకిలు కొంది. ముందు ఒక చక్రం, వెనక రెండు, ఆ రెంటి మధ్య వెడల్పాటి చెక్క పలక. బియ్యం బస్తా, నూనె డబ్బా, కూరలు, ఒకసారి అల్మరా కూడా దాని మీదే వచ్చాయి. ఆ తరవాత మొగుడి ఉద్యోగం. ఆయన మందుల షాపులో పనిచేస్తాడు. ఇంటి నుంచి షాపు ఎంత దగ్గరంటే, కారు తీసి, గేటు వేసి, మళ్లీ అక్కడ చోటు వెతికి పెట్టేలోపు సైకిలు మీద వెళ్లి టీ కూడా తాగొచ్చు. మొదట్లో మూతి ముడుచుకున్నాడు. తరవాత పొట్ట కాస్త తగ్గేసరికి నోరు మూసుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే. అత్తగారి మోకాలు.

అత్తగారు రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగం పోయినా పేరు పోలేదు, ఇప్పటికీ కండక్టరమ్మే. సర్వీసంతా నిలబడీ నిలబడీ మోకాలు అరిగిపోతే ఆపరేషను చేసి కొత్త కీలు పెట్టారు. రోజు విడిచి రోజు ఆసుపత్రికెళ్లి కాలు వంచే వ్యాయామాలు చెయ్యాలి. మానేస్తే కాలు కర్రలా బిగుసుకుపోతుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆమెను తీసుకెళ్లడానికి మటుకు కారు ఉండాలని కొడుకు పట్టు. ఆ పట్టులో న్యాయం లేకపోలేదు. అమ్మ బతుకంతా నిలబడే ఉంది, ఇకనైనా కూర్చోవాలని కొన్న కారది. సీట్లమ్మకు కోపం వచ్చినా ఆ ఒక్క మాట దగ్గర ఎదురు చెప్పలేకపోయేది.

ఒక సోమవారం భోజనాల దగ్గర ఆయనే విషయం తేల్చేశాడు. షాపులో తనతో పనిచేసే మనిషి కారు అడుగుతున్నాడట, ఆదివారం వచ్చి చూస్తానన్నాడట. అమ్మ తన నోటితో తను కారు వద్దంటే ఇచ్చేస్తాడు. అనకపోతే, ఇక ఈ జన్మకి షెడ్డు మాట ఎత్తకూడదు.

"ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు.

"ఒప్పుకున్నా. ఆదివారానికి గేటు తీసిపెట్టు," అంది సీట్లమ్మ.

కండక్టరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, తననెవరూ అడగలేదేమని విసుక్కుని, పళ్లెం పట్టుకుని లేచింది.

ఆ రాత్రే చెక్క పలక మీదికి సీటు తయారైంది. ఆషామాషీ సీటు కాదు. నడుముకి ఎత్తు, మోచేతులకి దిండ్లు, ఆపరేషనైన కాలు చాపుకోవడానికి పలక, పడిపోకుండా నడుముకో పట్టీ. షాపులో డబ్బున్నవాళ్ల సోఫాలకి కూడా అంత మనసు పెట్టి కుట్టలేదు. మంగళవారం అత్తగారిని అందులో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, తొక్కడం మొదలుపెట్టింది. వీధి మలుపు దాటేదాకా బాగానే ఉంది. పెద్ద రోడ్డెక్కగానే కండక్టరమ్మ కోడలి జాకెట్టు వెనక పట్టుకుంది. ఇంకొంచెం దూరం పోయాక రెండు చేతులా పట్టుకుంది. ఆపమంది. ఆపింది. పట్టీ విప్పుకుని దిగి, కర్ర పొడుచుకుంటూ, వెనక్కి చూసుకుంటూ, మిగతా దారంతా నడిచే వెళ్లింది. తిరిగి రావడానికి కొడుక్కి ఫోన్ చేసి కారు తెప్పించుకుంది.

సాయంత్రం మొగుడు తనలో తను నవ్వుకున్నాడు, అది ఇంకా మంట.

సీట్లు కుట్టేవాళ్లకి ఒక జబ్బుంది. లోకంలో ఏ మనిషి ఎందుకు ఇబ్బందిగా కదిలినా లోపం సీటులోనే ఉందనుకుంటారు. సీట్లమ్మ కూడా అదే అనుకుంది. స్పాంజి గట్టిగా ఉందనుకుంది. విప్పి, మెత్తటిది వేసి, పక్కలు ఎత్తు చేసి, మళ్లీ కుట్టింది. గురువారం అత్తగారు ఎక్కింది. సీటు ఎలా ఉందంటే బాగుందంది. పట్టీ నొక్కుతోందా అంటే లేదంది. కాలు పలక సరిపోయిందా అంటే సరిపోయిందంది. పెద్ద రోడ్డెక్కగానే మళ్లీ జాకెట్టు పట్టుకుంది. వెనకనించి ఏదో లారీ బుస్సుమంటూ వచ్చి పక్కనుంచి పోయేసరికి ఆమె ఒళ్లంతా ముద్దలా అయిపోయింది. దింపెయ్యమంది. దింపేసింది. ఆ రోజూ కొడుకు కారుకే ఫోన్ వెళ్లింది.

"పట్టుపరుపు వేసినా నేను కూర్చోను. నన్ను వదిలెయ్యమ్మాయ్," అని మాత్రం అంది కండక్టరమ్మ.

సీట్లమ్మ ఖాళీ సీటుతో సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తుంటే, ఎదురొచ్చే కార్లలోకి చూసింది. ఒక్కో కారుకి ఒక్కో మనిషి. మిగతా సీట్లన్నీ ఖాళీ. ఆ ఖాళీ సీట్లన్నీ తనలాంటి వాళ్లెవరో నడుములు పడిపోయేలా వంగి కుట్టినవే. ఖాళీ సీట్లు ఊరేగడానికి ఇంత రోడ్డు, అవి పడుకోవడానికి ఇంత షెడ్డు. ఒళ్లు మండి, మిగతా దారి గట్టిగా తొక్కేసింది. ఆమెకు ఏడుపు వచ్చే చోట కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

శుక్రవారం మొగుడు ఆమెకో పని చెప్పాడు. కారు వెనక సీటు గుడ్డ ఒక మూల చిరిగిందట. అమ్మినా అమ్మకపోయినా అది కుట్టి పెట్టమన్నాడు. పుండు మీద కారం చల్లినట్టే ఉంది గాని, చిరిగిన గుడ్డను చూసి ఊరుకునే మనిషి కాదు. కారు తలుపు తీసి వెనక సీటు మీద చెయ్యి వేసింది.

వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మనిషి తిన్నగా కూర్చుంటే సీటు మధ్యలో గుంట పడుతుంది. వీపు ఆనేచోట గుడ్డ నలిగి నునుపెక్కుతుంది. ఇక్కడ వీపు ఆనేచోట గుడ్డ షాపులోంచి తెచ్చినట్టు కొత్తగా ఉంది. గుంట అంచున పడింది, అది కూడా ఏటవాలుగా. చిరిగింది ఎక్కడంటే సీటు పై అంచున, వెనక అద్దం దగ్గర. మోచెయ్యి ఆనించీ ఆనించీ పోగులు పోగులుగా తేలిపోయింది. గంట ఎప్పుడూ ముందు సీటే ఎక్కేది, ఈ కారులో వెనక కూర్చునేది అత్తగారొక్కతే. అంటే ఇన్నేళ్లూ ఆ ముసలావిడ ఈ కారులో ఒక్కనాడూ తిన్నగా కూర్చోలేదు. ఒళ్లంతా మెలిపెట్టుకుని, మోచెయ్యి సీటు మీద వేసుకుని, వెనక అద్దంలోంచి రోడ్డు చూసుకుంటూ వెళ్లింది. కారు దిగిన ప్రతిసారీ మెడ పట్టేసిందని ఎందుకు తైలం రాయించుకునేదో సీట్లమ్మకు ఇప్పుడు తెలిసింది.

సూది అక్కడే గుచ్చి లోపలికెళ్లింది. కండక్టరమ్మ మంచం మీద కూర్చుని కాలికి వేడి కాపడం పెట్టుకుంటోంది.

"అత్తయ్యా, కారులో మీరు ఎప్పుడైనా ముందుకి చూసి కూర్చున్నారా?"

కండక్టరమ్మ ఆ ప్రశ్నేంటన్నట్టు చూసింది. "ముందు చూడ్డానికి వాడున్నాడుగా."

"మరి మీరు?"

"వెనకెవరున్నారే చూడ్డానికి?" అంది. ఆ తరవాత కాపడం పక్కన పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "డ్రైవరు ముందుకి చూస్తాడు. వెనక ఎవడు పరిగెత్తుకొస్తున్నాడు, ఎవడి కాలు మెట్టు మీదుంది, ఏ బండి మన మీదికొస్తోంది, అది నా డ్యూటీ. సర్వీసంతా అదే చేశాను. నువ్వేమో నీ వీపు చూస్తూ కూర్చోమన్నావు. వెనక లారీ వస్తుంటే నాకు వినబడుతుంది, కనబడదు. నువ్వూ చూడవు, నేనూ చూడను. మరి వెనక ఎవరు చూస్తున్నట్టు?"

సైకిలు మీద సీట్లమ్మకీ భయమేసేది ఆ వెనక వైపే. చప్పుడైనప్పుడల్లా మెడ తిప్పి చూస్తూ ముందున్న గుంతలో పడటం ఎన్నిసార్లో.

"ఈ ముక్క మంగళవారమే చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"నువ్వు స్పాంజి గురించి అడిగావు. స్పాంజి బాగుందని చెప్పాను," అంది కండక్టరమ్మ, తప్పంతా అడిగినవాళ్లదేనన్నట్టు.

సాయంత్రానికి సీటు తిరిగిపోయింది. బోల్టులు ఊడదీసి, సీటు వీపుని తన వీపుకి ఆనేలా తిప్పి, మళ్లీ బిగించింది. కాలు పలకను వీధి చివర వెల్డింగు షాపులో వెనక వైపుకి అతికించుకొచ్చింది. పక్కన పట్టుకోవడానికి ఒక ఇనప కమ్మీ వేయించింది. గంట దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నానమ్మ ఇక బడిలో టీచరులా అందరికీ ఎదురుగా కూర్చుంటుందని తీర్మానం చేసింది. మొగుడు షాపు నుంచి వచ్చి అది చూసి నుదురు కొట్టుకున్నాడు. మా అమ్మని వెనక్కి తిప్పి కట్టేసి ఊరేగిస్తావా, ఊరంతా నవ్వుతారన్నాడు. నవ్వితే పళ్లు కనబడతాయి, అంతకన్నా ఏమీ కాదంది ఆమె. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. శనివారం తను కారులో వెనకే వస్తాడు. అమ్మ చెయ్యెత్తితే చాలు, ఎక్కించుకుపోతాడు.

శనివారం పొద్దున కండక్టరమ్మ ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చింది. సీటు చుట్టూ చూసింది. కూర్చుని పట్టీ బిగించుకుంది. కాలు పలక మీద చాపింది. అటూ ఇటూ చూసి, ఇనప కమ్మీ మీద ఉంగరంతో రెండు దెబ్బలు కొట్టింది. ఏ డ్రైవరుకైనా దాని అర్థం తెలుసు. సీట్లమ్మ కాలు తనంతట తనే తొక్కింది.

పెద్ద రోడ్డెక్కారు. సీట్లమ్మ జాకెట్టు మీద ఏ చెయ్యీ పడలేదు. వీపుకి వీపు ఆనుకుని ఉంది, అంతే. వెనకనించి ఒక గొంతు మాత్రం ఆగకుండా వస్తోంది. పాల వ్యాను వస్తోంది, పోనీ వాణ్ణి. స్కూటరు, వాడికి తొందర, ఎడమకి జరుగు. ఇప్పుడెవరూ లేరు, గుంత తప్పించుకో. సీట్లమ్మ ఆ రోజు మొదటిసారి మెడ తిప్పకుండా సైకిలు తొక్కింది. ముందు రోడ్డంతా తనదే అన్నట్టుంది. ఒక చోట సందులోకి తిరుగుతూ చెయ్యి చూపించడం మర్చిపోయింది. వెంటనే వెనకనించి చీవాట్లు పడ్డాయి. ఇలాంటి డ్రైవరు తన బస్సులో అయితే డిపో గేటు కూడా దాటేవాడు కాదట.

కొడుకు కారు వాళ్ల వెనకే వస్తోంది. దూరంగా రావాల్సిన మనిషి కంగారులో మరీ దగ్గరికి వచ్చేశాడు. తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు ఇంత సూటిగా చూసుకుని ఎన్నాళ్లయిందో. అమ్మ భయపడుతోందేమోనని ఆయన అద్దంలోంచి కళ్లు చికిలించి చూస్తున్నాడు. కండక్టరమ్మ అరచెయ్యి ఎత్తింది. చెయ్యెత్తితే ఎక్కించుకోవాలని కదా మాట, ఆయన ఆశగా ఇంకొంచెం ముందుకి వచ్చాడు. ఆమె అరచెయ్యి ఇంకా గట్టిగా చూపించి, వెనక్కి పొమ్మని వేళ్లు ఆడించింది. మా మీదికెక్కకురా అని పెదాలు కదిలాయి. ఆయన బ్రేకు వేశాడు. ఆయన వెనకున్న వాళ్లందరూ హారన్లు మోగించారు. కొడుకు మొహం ఎర్రబడటం కండక్టరమ్మ తీరుబడిగా కూర్చుని చూసింది.

ఆసుపత్రికి కూరగాయల సందులోంచి పోతే దగ్గర. కారు అందులో పట్టదు. సైకిలు సందులోకి తిరిగిపోయింది. కారు పెద్ద రోడ్డు మీదే మిగిలిపోయింది. అది ఎర్ర దీపాల దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, ఆసుపత్రి ముందు చోటు దొరక్క మళ్లీ ఒక చుట్టు తిరిగి, ఎక్కడో వీధిలో ఎవరి గేటు ముందో నిలబడేసరికి, ఇక్కడ కండక్టరమ్మ వ్యాయామం సగం పూర్తి చేసి కాలు వంచుతూ మూలుగుతోంది. కొడుకు చెమటలు కక్కుకుంటూ గదిలోకి వచ్చాడు.

"ఎక్కడ తిరుగుతున్నావురా ఇంతసేపు?" అంది.

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. సీట్లమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె నాలుక చివర ఎన్ని మాటలున్నాయో ఆమెకే తెలుసు. ఒక్కటీ జారనివ్వలేదు. షెడ్డు ఇప్పుడు తన చేతిలో లేదు, అత్తగారి నోట్లో ఉంది.

"అమ్మా, నిజం చెప్పు. కోడలి మొహం చూసి చెప్పకు," అన్నాడు ఆయన. "నువ్వు సుఖంగా కూర్చోవాలనే కదా ఆ కారు కొన్నాను."

కండక్టరమ్మ కాలు నెమ్మదిగా చాపి, తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"కూర్చునే ఉన్నాను కదరా సైకిలు మీద," అంది. "నీ కారులో నన్ను సామానులా వెనక పడేసి తీసుకెళ్తావు. నేను ఏమన్నా నీకు వినబడదు, పాటలు పెట్టుకుంటావు. నీ ప్రేమ నాకు తెలుసు, కాదనను. కాని అక్కడ నాకు పనేం లేదు. ఇందాక ఉంది. ఆ కారు నాకోసమైతే వద్దు. నీకోసమైతే నీ ఇష్టం, నా మోకాలిని మధ్యలోకి లాగకు."

ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. సీట్లమ్మకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. గోడకి ఇంకా గట్టిగా ఆనుకుంది.

"నువ్వు మురిసిపోకు," అంది కండక్టరమ్మ ఆమె వైపు తిరిగి. "వానొస్తే పైన కప్పు లేదు. సోమవారానికి అది కుట్టకపోతే నేను ఎక్కను. ఆ సీటు మీద ఉల్లిపాయల బస్తా పెట్టావో, అప్పుడు చెబుతాను."

ఆదివారం ఆ మనిషి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, చక్రాలు తన్ని చూసి, వెనక సీటు ఇంత చక్కగా ఎవరు కుట్టారని అడిగాడు. మొగుడు తాళం ఇచ్చేశాడు. కారు వెనక్కి నడుస్తూ గేటు దాటి, మలుపు తిరిగి పోయింది. ఆయన గేటు పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డాడు. సీట్లమ్మ పక్కన కాసేపు నిలబడి, ఆ తరవాత సుద్దముక్క పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది. మిషను ఇక్కడ, కోత బల్ల అక్కడ, సోఫాలు దింపేది ఈ వైపు అని గచ్చు మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ కారు అడ్డంగా ఉండి తెరవని కిటికీ రెక్క బిగుసుకుపోయి ఉంటే భుజంతో ఒక్క పోటు పొడిచింది. వెలుగు గచ్చంతా పరుచుకుంది.

మొగుడు లోపలికి వచ్చి చుట్టూ చూశాడు. ఇంత పెద్దదని ఎప్పుడూ అనిపించలేదన్నాడు. ఆ తరవాత చివరి అస్త్రంలా ఒకటి వదిలాడు. ఇంటిపని, వీధిపని సరే, రేపు ఏ దూరపు ఊరో పోవాల్సి వస్తే?

సీట్లమ్మ నోరు తెరిచే లోపే లోపలి గదిలోంచి జవాబు వచ్చింది.

"బస్సులన్నీ చచ్చిపోయాయా?"

"అదిగో, మీ అమ్మగారి కంపెనీయే," అంది సీట్లమ్మ. "మిషను ఆ వైపు నువ్వు పట్టుకో. నడుము వంచకు, మోకాళ్లు వంచి లేపు."

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.